పక్కింటివాళ్ళతో చిన్న జాగా మార్చుకున్నాం, ఇప్పుడు కాగితం మీదికి ఎట్లా ఎక్కించాలి?

పానగల్లు రోడ్డు:
అందరికీ నమస్కారం. మాది నల్గొండ. 1998లో మా నాన్న, పక్కింటి బాబాయి ఒకే రోజు పక్కపక్కన రెండు ప్లాట్లు కొన్నారు. చెరి 200 గజాలు, 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు. చుట్టరికం ఏమీ లేదు, ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన్ని బాబాయనే పిలిచాను.

2003లో మేము మేడ మెట్లు కట్టేటప్పుడు జాగా చాలలేదు. బాబాయే తన వైపు రెండున్నర అడుగులు జరగమన్నాడు. 24 అడుగుల పొడుగున మెట్లు, వాటి కింద మోటారు గది వచ్చాయి. దానికి బదులు వెనక వాళ్ళ బాత్‌రూముకూ గిన్నెలు తోముకునే గట్టుకూ మా జాగాలో మూడడుగులు వదిలాం, 20 అడుగుల పొడుగు. లెక్క వేస్తే అటు 60, ఇటు 60 చదరపు అడుగులు. ఆ రోజు నాన్న, బాబాయి టేపు పట్టుకుని కొలవడం నాకు బాగా గుర్తుంది, అప్పుడు నేను పదో తరగతి. కాగితం మాత్రం ఏమీ రాసుకోలేదు.

ఇప్పుడు బాబాయి కొడుకు పై అంతస్తు వేద్దామనుకున్నాడు. ఇంజనీరు వచ్చి కొలిస్తే దస్తావేజులో కొలతలకూ నేల మీద గోడకూ పొంతన లేదు. ఇది తేలేదాకా ప్లాను పెట్టలేనన్నాడు. మా రెండిళ్ళ మధ్య గొడవేమీ లేదు. ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళకే ఉండిపోవాలన్నదే అందరి మాట.

అయితే ఒకరు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయిస్తే చాలంటున్నారు. ఒకరు సవరణ దస్తావేజు అంటున్నారు. ఇంకొకరు ఒకరికొకరు సేల్‌డీడ్ రాసుకోండి అంటున్నారు. నాన్నకు 74 ఏళ్ళు. ఆయన ఉండగానే ఈ పని అయిపోవాలని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

మూసీ గట్టు:
ఆ మూడూ కాదు తమ్ముడూ. మీకు కావాల్సింది ఎక్స్ఛేంజ్ డీడ్. మార్పిడి దస్తావేజు అంటారు, పాత రాతగాళ్ళు వినిమయ దస్తావేజు అని కూడా రాసేవాళ్ళు. నేను సూర్యాపేటలో చాలా ఏళ్ళు డాక్యుమెంట్ రైటర్ దగ్గర పనిచేశాను. ఇటువంటివి ఎన్నో నా చేతి మీదుగా రాశాను.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 118వ సెక్షన్ దీని గురించే. ఇద్దరు మనుషులు ఒకరి ఆస్తి హక్కు ఇంకొకరికి పరస్పరం ఇచ్చుకుంటే, అందులో ఏ ఒక్క వైపూ ఉత్తి డబ్బు కాకుంటే, దాన్ని ఎక్స్ఛేంజ్ అంటారు. అమ్మకానికి ఏ పద్ధతి ఉందో దీనికీ అదే పద్ధతి అని అక్కడే ఉంది. అంటే వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి అయితే రిజిస్ట్రేషన్ తప్పదు. ఈ రోజుల్లో వంద రూపాయల్లోపు జాగా ఎక్కడుంది? ఆరు గజాలైనా రిజిస్టర్ కావాల్సిందే.

నోటరీ చేసిన ఒప్పందం మీ ఇద్దరి మధ్య ఏమనుకున్నారో చెబుతుంది, అంతే. హక్కు మాత్రం చేతులు మారదు. సవరణ దస్తావేజు రాతలో తప్పు పడ్డప్పుడు వాడేది. మీ 1998 దస్తావేజులో తప్పేమీ లేదు, ఆ రోజు కొలతలు అవే. మారింది నేల మీద. ఒప్పుగా ఉన్న రాతను సవరించడానికి ఏముంటుంది? ఇక రెండు సేల్‌డీడ్లు రాసుకోవచ్చు గానీ స్టాంపు డ్యూటీ రెండుసార్లు కట్టాలి. పైగా డబ్బు చేతులు మారకుండానే మారినట్టు రాయాలి. జరగనిది రాయడం ఎందుకు?

గడియారం సెంటర్:
మూసీ గట్టు గారూ, మరి ఇద్దరూ ఒకరికొకరు గిఫ్ట్ డీడ్ రాసుకుంటే?

మూసీ గట్టు:
గిఫ్ట్ అంటే ప్రతిఫలం లేకుండా ఇచ్చేది. నువ్వు ఇస్తేనే నేను ఇస్తా అన్నది గిఫ్ట్ కాదు. రేపు ఎవరైనా సవాలు చేస్తే రెండు కాగితాలూ బలహీనపడతాయి. పైగా పక్కింటాయన కుటుంబ సభ్యుడు కాడు కాబట్టి గిఫ్ట్‌లో ఉండే రాయితీ కూడా రాదు.

పిల్లలమర్రి నీడ:
ఈ చర్చ చూసి నా సంగతి చెప్పాలనిపించింది. మాది పాలమూరు జిల్లా, మహబూబ్‌నగర్‌కు దూరంగా ఉన్న ఊరు. మా ఇల్లు గ్రామకంఠంలో ఉంటుంది. అక్కడ ఇంటి జాగాకు విడిగా సర్వే నంబరు ఉండదు, పంచాయతీ ఇచ్చిన ఇంటి నంబరు, పన్ను రసీదు, అంతే.

మా ఇంటి ముందు పక్కవాళ్ళ జాగా ముక్క ఒకటి ముక్కోణంగా పొడుచుకొచ్చి ఉండేది. మా ఈశాన్యం కోసుకుపోయిందని మా తాతకు ఎప్పుడూ దిగులే. వాళ్ళకు పశువుల కొట్టానికి వెనక జాగా కావాలి. పెద్దమనుషులను కూర్చోబెట్టి మార్చుకున్నారు. తెల్ల కాగితం మీద రాసుకున్నారు, అందులో కొలత కూడా లేదు. 'వేపచెట్టు నుంచి బావి గిరక దాకా' అని ఉంది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది, మడతల దగ్గర చిరిగితే మా అమ్మ అన్నం మెతుకులతో అతికించింది.

తర్వాత మా అమ్మానాన్నలు పనికి ముంబై పోయారు. మా దిక్కున ఎంతమంది పోలేదు. పదకొండేళ్ళు అక్కడే ఉన్నారు. ఇక్కడ తాత పోయాడు, పక్కింటి పెద్దాయన పోయాడు, వేపచెట్టు రోడ్డుకు పోయింది, బావి పూడ్చేశారు. మేము తిరిగొచ్చేసరికి ఆయన కొడుకులు ఇల్లు అమ్మేశారు, పాత హద్దులతోనే. కొన్నాయనకు ఈ మార్పిడి సంగతే తెలియదు. ఆయన తప్పేముంది? దస్తావేజులో ఉన్నంత జాగా అడిగాడు. మా ముందు జాగా మళ్ళీ ముక్కోణమైంది. వెనక మేమిచ్చిన జాగా మాత్రం తిరిగి రాలేదు, ఎందుకంటే కొట్టం ఉన్నది అక్కడే, అది కూడా కలిపే కొన్నానని ఆయన మాట. రెండు దిక్కులా పోయింది.

ఆరేళ్ళు తిరిగాం. చివరికి ఒకరిద్దరు పెద్దలు మాట్లాడితే కొంత డబ్బిచ్చాడు. మా నాన్న ఆ డబ్బు ముట్టుకోలేదు. అన్నా, మీ ఇద్దరి మధ్య ఎంత మంచిగా ఉన్నా సరే, జాగా మారడానికి మనిషి మాట చాలదు. దయచేసి ఆలస్యం చేయకండి.

పానగల్లు రోడ్డు:
మీది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నాన్నకు చదివి వినిపించాను. 'అందుకే కదరా నేను తొందరపెట్టేది' అన్నాడు.

ముందు చెప్పనివి రెండు. బాబాయి 2021లో పోయారు. ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. పిన్ని ఉంది, కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె జడ్చర్లలో, చిన్నామె పుణెలో ఉంటారు. రెండోది, మా ఇంటి మీద లోను నడుస్తోంది, అసలు దస్తావేజు బ్యాంకులో ఉంది. వీటివల్ల ఇబ్బంది అవుతుందా?

కోర్టు వరండా:
అవుతుంది, కానీ దాటలేనిది కాదు. నేను నల్గొండలో ప్రాక్టీసు చేసే అడ్వకేట్‌ని.

ముందు వారసుల సంగతి. మీ బాబాయి వీలునామా రాయకుండా పోయి ఉంటే భార్య, కొడుకు, ఇద్దరు కూతుళ్ళు నలుగురూ సమాన వారసులు. ఆయన తల్లి బతికి ఉంటే ఆమె కూడా. కూతుళ్ళకు పెళ్ళై వెళ్ళారు కదా అనే మాట చట్టం ముందు నిలవదు. ఎక్స్ఛేంజ్ డీడ్ మీద వాళ్ళ వైపు నుంచి అందరూ సంతకం చేయాలి. లేదా ముందు ఆడపిల్లలు తమ హక్కు విడుదల చేస్తూ రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాసి, ఆ తర్వాత మిగిలినవాళ్ళు మార్పిడి చేసుకోవచ్చు. కానీ 60 అడుగుల కోసం వాళ్ళ మొత్తం వాటా వదులుకోమని అడగడం న్యాయం కాదు. నలుగురూ కలిసి సంతకం చేయడమే నయం. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి.

వారసుల్లో మైనర్లు ఎవరైనా ఉన్నారా? ఒక కూతురు ముందే పోయి ఆమె పిల్లలు చిన్నవాళ్ళైతే వ్యవహారం మారిపోతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం మైనర్ స్థిరాస్తిని తండ్రి అయినా, తల్లి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, గిఫ్ట్ ఇవ్వకూడదు, మార్పిడి చేయకూడదు. మార్పిడి అన్న మాట ఆ సెక్షన్‌లోనే ఉంది. పిల్లవాడికి మేలైన మార్పిడే కదా అనుకుని ముందుకుపోతే, ఆ పిల్లవాడు పెద్దయ్యాక దాన్ని రద్దు చేయించగలడు.

పుణెలో ఉన్నామె రాలేకపోతే అక్కడి సబ్ రిజిస్ట్రార్ ఎదుట పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాలి. నోటరీ చేసిన పవర్ కాగితంతో ఇక్కడ పని జరగదు.

ఇక బ్యాంకు. మీ ప్లాటు మొత్తం వాళ్ళకు తాకట్టులో ఉంది. అందులోంచి ముక్క తీసి ఇవ్వడానికి వాళ్ళ రాతపూర్వక అనుమతి ఉండాలి. మీకు అంతే జాగా తిరిగి వస్తుంది కాబట్టి సాధారణంగా ఒప్పుకుంటారు. కానీ వచ్చే ముక్క కూడా తాకట్టులో కలపాలని అడుగుతారు. ఇంజనీరు వేసిన ప్లాను జత చేసి దరఖాస్తు ఇవ్వండి, ఊరికే నోటితో అడగకండి.

ఉదయసముద్రం:
ఇన్ని తిప్పలు ఎందుకండీ? ఇరవై ఏళ్ళు దాటింది ఎవరి స్వాధీనంలో ఉన్నది వాళ్ళదే కదా. పన్నెండేళ్ళు దాటితే జాగా మనదే అంటారు. చట్టం కూడా అంతే అని విన్నాను.

కోర్టు వరండా:
ఈ మాట చాలామంది నమ్ముతారు, అందుకే వివరంగా చెబుతాను. పన్నెండేళ్ళ లెక్క అసలు యజమాని ఇష్టానికి విరుద్ధంగా, బహిరంగంగా, ఇది నాదేనని అనుభవించినవాళ్ళకు. ఇక్కడ ఇద్దరూ ఒప్పుకుని ఒకరినొకరు ఉండనిచ్చారు. అనుమతితో ఉన్నప్పుడు ఎన్నేళ్ళైనా అది హక్కుగా మారడం చాలా కష్టం. దాన్ని నిరూపించడానికి కోర్టుకు పోవాలి, 'వాళ్ళు నాకు శత్రువులు' అన్నట్టు వాదించాలి. ఇంత బాగున్న రెండిళ్ళను ఆ స్థితికి ఎందుకు తీసుకుపోవాలి?

ఒప్పందం ప్రకారం స్వాధీనంలో ఉన్నవాళ్ళకు ఆస్తి బదిలీ చట్టం 53-ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. కానీ దానికి రాత ఉండాలి, 2001 సవరణ తర్వాత ఆ రాత రిజిస్టర్ అయి ఉండాలి. వీళ్ళ దగ్గర అసలు రాతే లేదు.

గడియారం సెంటర్:
ఖర్చు ఎంతవుతుందో ఎవరైనా చెప్పండి. మా కాలనీలో కూడా ఇట్లాంటిదే ఒకటుంది, ఖర్చుకు భయపడే ఆగారు.

మూసీ గట్టు:
భయపడేంత ఖర్చు లేదు. లెక్క ఎట్లా ఉంటుందో చెబుతా.

మార్పిడిలో రెండు ఆస్తులున్నా డ్యూటీ రెండింటి మీదా కట్టరు. రెండింట్లో ఎక్కువ విలువ ఉన్నదాని మీద, సేల్‌డీడ్‌కు కట్టినట్టే కడతారు. మన తెలంగాణలో 2021 జులై 22 నుంచి స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. మొత్తం ఏడున్నర శాతం.

60 చదరపు అడుగులంటే 6 గజాల 6 అడుగులు, దాదాపు 6.67 గజాలు. లెక్క కోసం ప్రభుత్వ విలువ గజం ఐదు వేలనుకోండి. జాగా విలువ 33 వేల చిల్లర. ఏడున్నర శాతం అంటే 2,500 రూపాయలు. ఆ ముక్క మీద కట్టడం ఉంటే, అంటే ఇక్కడ మెట్లు, బాత్‌రూము, దాని విలువ కూడా కలుపుతారు. కనీస ఫీజులు, యూజర్ చార్జీలు, రైటర్ ఖర్చు వేరు. మీ వీధి అసలు రేటు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఇంకొకటి, మార్పిడి దస్తావేజుకు స్టాంపు ఖర్చు ఇద్దరూ చెరి సగం పెట్టుకోవాలని స్టాంపు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది. వేరే ఒప్పందం చేసుకుంటే సరే, లేకపోతే చెరి సగం.

ఒకరి ముక్క విలువ ఎక్కువైతే మిగిలిన తేడా డబ్బుగా ఇచ్చుకోవచ్చు, అయినా అది మార్పిడే. ఆ మొత్తం దస్తావేజులో రాయాలి.

ఇంకా పెద్ద ఖర్చు కాని ఖర్చు ఒకటి ఉంది: ఆదాయపు పన్ను లెక్కలో మార్పిడి కూడా ఆస్తి బదిలీ కిందే వస్తుంది. ఆరు గజాలకు పెద్దగా తేలేది ఉండదు గానీ, పెద్ద ముక్కలు మార్చుకునేవాళ్ళు ముందే ఆడిటర్‌ను అడగాలి.

శాబాద్ బండ:
నేను ఇంజనీరును, సైట్ల మీద పని. కొలతల గురించి రెండు మాటలు.

దస్తావేజు పాడయ్యేది చట్టం దగ్గర కాదు, షెడ్యూల్ దగ్గర, అంటే జాగా హద్దులు, కొలతలు రాసే భాగం దగ్గర. 'సుమారు 6 గజాలు' అని రాయకండి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాయండి. రోడ్డు అంచు నుంచి కొలవొద్దు, రోడ్డు పెరుగుతుంది, తరుగుతుంది. కదలని గుర్తు నుంచి కొలవాలి, ఉదాహరణకు మీ ఇంటి ఆగ్నేయ మూల స్తంభం. నాలుగు పక్కలూ కొలిచాక ఒక మూల నుంచి ఎదురు మూలకు అడ్డంగా కూడా కొలవండి. రెండు అడ్డ కొలతలూ సమానంగా రాకపోతే మీ జాగా చదరం కాదు, గోడ వంకర. ఆ వంకర ప్లానులో కనపడాలి. గోడ మందం ఎవరి లెక్కలోకి వస్తుందో కూడా తేల్చుకోండి. తొమ్మిదంగుళాల గోడ 24 అడుగుల పొడుగుంటే 18 చదరపు అడుగులు, మీ మార్పిడిలో మూడో వంతు దాదాపుగా.

ఇంకోటి, పైకప్పు సజ్జా ఎంత బయటికి వచ్చింది, వాన నీళ్ళు ఎటు పడతాయి, డ్రైనేజీ పైపు ఎవరి కింద నుంచి పోతుంది. బాత్‌రూము అంటున్నారు కాబట్టి సెప్టిక్ ట్యాంకు ఎవరి జాగాలో ఉందో మూత తీసి చూడండి.

పానగల్లు రోడ్డు:
శాబాద్ బండ గారూ, మీరు చెప్పినట్టు నిన్న మూత తీయించాం. ట్యాంకు వాళ్ళ వైపే ఉంది, కానీ పైపు నాలుగడుగులు మా కింద నుంచి పోతోంది. ఇది మాకెవరికీ తెలియదు. ధన్యవాదాలు.

మూసీ గట్టు:
అయితే దస్తావేజులో రాయించండి, 'సదరు పైపు లైను యథాతథంగా ఉంచుకొనుటకు, మరమ్మతు చేసుకొనుటకు హక్కు కలదు' అని.

షెడ్యూల్ ఇట్లా ఉంటే మంచిది. ఏ షెడ్యూల్ మీరిచ్చే ముక్క, బి షెడ్యూల్ వాళ్ళిచ్చే ముక్క. అక్కడితో ఆపేస్తారు చాలామంది. నేను రాసినప్పుడు ఇంకో రెండు పెట్టేవాణ్ణి: మార్పిడి తర్వాత మీ ఇల్లు మొత్తం ఏ హద్దులతో మిగిలింది, వాళ్ళది ఏ హద్దులతో మిగిలింది. రేపు ఈ కాగితం ఎవరి చేతిలో పడినా లింక్ డాక్యుమెంట్లు తిరగేయకుండా అర్థం కావాలి. రెండు పాత దస్తావేజుల నంబర్లు, సంవత్సరాలు రాయాలి. ప్లాను మీద అందరూ సంతకం చేయాలి. ఒక అసలు, ఒక డూప్లికేట్ రెండూ రిజిస్టర్ చేయించి చెరొకటి ఉంచుకోండి. జిరాక్సు పెట్టుకుని సరే అనుకోవద్దు. సంతకాలయ్యాక నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి, అది మరవకండి.

మీ లేఅవుటుకు అనుమతి ఉందా? ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుటు క్రమబద్ధీకరణ ఫీజు, కట్టారా? 2020 ఆగస్టు 26 తర్వాత అనుమతి లేని లేఅవుట్లలో రిజిస్ట్రేషన్లు ఆపారు. ఒకసారి రిజిస్టర్ అయిన ప్లాటు మళ్ళీ అమ్ముకోవడానికి ఆ ఏడాది చివర్లో వెసులుబాటు ఇచ్చారు గానీ, ప్లాటులోంచి ముక్క కోసి రాస్తే ఇది కొత్త ముక్క అని అడ్డు చెప్పే అవకాశం ఉంది. చలాను కట్టకముందే డ్రాఫ్టు పట్టుకుపోయి ఆఫీసులో చూపించండి.

కృష్ణ ఒడ్డు:
మాది మక్తల్ దిక్కు. మాది ఇంటి జాగా కాదు, పొలం. బోరు దగ్గరికి బాట కోసం పక్క రైతుతో రెండు గుంటలు మార్చుకోవాలనుకుంటున్నాం. ఇదే పద్ధతా?

కోర్టు వరండా:
చట్టం అదే, ఆఫీసు వేరు. వ్యవసాయ భూమి అయితే సబ్ రిజిస్ట్రార్ కాదు, తహసీల్దారు దగ్గర రిజిస్ట్రేషన్. ఇదివరకు ధరణి పోర్టల్, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి. ఇద్దరి పాసు పుస్తకాల్లోనూ విస్తీర్ణం, సర్వే నంబరు మారాలి కాబట్టి ముందు సర్వేయర్‌తో కొలిపించి నక్ష తీసుకోండి.

ముఖ్యమైనది, ఆ భూముల్లో ఏదైనా అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయితే మార్పిడి కుదరదు. 1977 నాటి చట్టం అసైన్డ్ భూమి బదిలీని నిషేధించింది, మార్పిడి కూడా బదిలీయే. నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకోండి.

మీకు కావాల్సింది బాట ఒక్కటే అయితే భూమే మారాల్సిన పని లేదు. బాట హక్కు ఇస్తూ రిజిస్టర్డ్ కాగితం రాసుకోవచ్చు. భూమి ఆయనదే, నడిచే హక్కు మీది. ఆలోచించండి. ఇంకా, సాదాబైనామా (తెల్ల కాగితం కొనుగోళ్ళ క్రమబద్ధీకరణ) వస్తుందిలే అని తెల్ల కాగితం మీద రాసుకోవద్దు. ఆ క్రమబద్ధీకరణ పాత కొనుగోళ్ళ కోసం పెట్టింది, అదీ వ్యవసాయ భూములకే. ఇంటి జాగాల వాళ్ళు దాని కోసం అసలు ఎదురుచూడొద్దు.

తంగేడు పూలు:
నాది వనపర్తి. నేను ఆ సంతకం పెట్టే ఆడబిడ్డల్లో ఒకదాన్ని, కాబట్టి ఈ మాట చెప్పాలి.

మా పుట్టింట్లో ఇట్లాగే పక్కవాళ్ళతో గోడ జరిపారు. నాకు ఫోను వచ్చింది రిజిస్ట్రేషన్ ముందు రోజు సాయంత్రం. 'రేపు పదింటికి వచ్చి ఒక సంతకం పెట్టిపో' అన్నారు. ఏం కాగితమో, ఎంత జాగానో చెప్పలేదు. నేను కారణం అడిగితే 'నీకు వాటా కావాలా?' అన్నారు. నాకు వాటా మీద ఆశ లేదు. మా నాయన కట్టిన ఇంటి సంగతి నాకూ తెలియాలి కదా అనిపించింది. ఆ రోజు పోలేదు. అది మా మధ్య రెండేళ్ళ ఎడమైంది.

పానగల్లు రోడ్డు గారూ, మీ పక్కింటి అక్కలకు ముందే డ్రాఫ్టు చదివి వినిపించండి. ప్లాను ఫోటో పంపండి. ఈ ముక్క తప్ప మిగతా ఇంట్లో వాళ్ళ హక్కు ఎక్కడికీ పోదని చెప్పండి. దస్తావేజులో కూడా ఆ మాట ఒక వాక్యంగా రాయించండి.

పానగల్లు రోడ్డు:
అక్కా, ఇది నాకు తట్టనే లేదు. ఈ రోజే ఇద్దరికీ ఫోను చేస్తాను. బాబాయి కొడుకు కాదు, నేనే చేస్తాను, ఎందుకంటే అడుగుతున్నది మేము కూడా.

ఉదయసముద్రం:
నేను మొదట రాసింది తప్పని ఒప్పుకుంటున్నాను. మా ఇంటి పక్కన ఇట్లా రెండడుగులు ఉన్నాయి, మేమూ పన్నెండేళ్ళ మాట మీదే ధీమాగా ఉన్నాం. వచ్చే నెల ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయించి చూస్తాను.

శాబాద్ బండ:
పై అంతస్తు గురించి ఎవరూ చెప్పలేదు. ఆన్‌లైన్ ప్లాను అనుమతుల్లో చిన్న ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. సులువే, కానీ కొలతలకు బాధ్యత దరఖాస్తుదారుదే. దస్తావేజు ఒకటి చెప్పి నేల ఇంకోటి చెబితే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. కాబట్టి ముందు మార్పిడి దస్తావేజు, తర్వాతే ప్లాను. మీ ఇంజనీరు ఆపడం మంచిదైంది.

పానగల్లు రోడ్డు:
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. అయిపోయింది. ఎవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు చెబుతాను.

బ్యాంకు దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది. మూడు వారాలు. మొదటిసారి ఆరు గజాలకు అనుమతి ఎందుకని తిప్పి పంపారు. ప్లాను, డ్రాఫ్టు, రెండు ఇళ్ళ ఈసీలు జత చేసి మళ్ళీ ఇస్తే లాయరు అభిప్రాయానికి పంపారు. చివరికి, వచ్చే ముక్క కూడా తాకట్టులో చేరుతుందని మేము రాసిచ్చాక ఎన్ఓసీ ఇచ్చారు. లోను ఉన్నవాళ్ళు అన్నిటికన్నా ముందు ఈ పని మొదలుపెట్టండి.

ఎల్ఆర్ఎస్ మాకు ఉంది, పిన్ని వాళ్ళకు రసీదు దొరకలేదు. బాబాయి పాత ఇనుప పెట్టెలో, ఆయన పెన్షన్ పుస్తకం మధ్యలో దొరికింది. దాంతోపాటే ఒక నోటు బుక్కు కాగితం కూడా దొరికింది. 2003లో ఆయన పెన్సిల్‌తో గీసుకున్న బొమ్మ, రెండు ఇళ్ళు, '24 × 2½', '20 × 3' అని. కింద సంతకం లేదు, తేదీ ఉంది. నాన్న ఆ కాగితం చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఇంజనీరు కొలిచినదానికీ దానికీ ఒక అంగుళం తేడా, అంతే.

అక్కలిద్దరికీ డ్రాఫ్టు వీడియో కాల్‌లో చదివాను. జడ్చర్ల అక్క రెండు చోట్ల ఆపి అడిగింది, ఒక చోట పడమర బదులు తూర్పు అని పడ్డది ఆమే పట్టుకుంది. పుణె అక్క బతుకమ్మకు వస్తానంది కాబట్టి పవర్ కాగితం లేకుండానే ఆ వారానికి స్లాటు బుక్ చేశాం.

ఆఫీసులో ఒక చోట మాత్రం భయమేసింది. పిన్ని వేలిముద్ర మిషన్ మీద పడలేదు. రెండుసార్లు, మూడుసార్లు. ఏళ్ళ తరబడి గిన్నెలు తోమి వేలి గీతలు అరిగిపోయాయి. ఆమె కొంగుతో వేలు తుడుచుకుంటూ, 'నా వల్ల ఆగిపోతదా బిడ్డా' అని అడుగుతుంటే అందరం నీరైపోయాం. గోరువెచ్చని నీళ్ళు తెప్పించి వేలు కడిగించి, ఆరనిచ్చి, ఎడమ చెయ్యి పెట్టిస్తే ఐదోసారికి పడింది. పెద్దవాళ్ళను తీసుకుపోయేవాళ్ళు తొందరపడే స్లాటు పెట్టుకోవద్దు.

ఖర్చు చెరి సగం. నాన్న మొత్తం తనే కడతానన్నాడు, పిన్ని ఒప్పుకోలేదు.

గడియారం సెంటర్:
చాలా సంతోషం. ఇంటి పన్ను సంగతి ఏం చేశారు? మ్యుటేషన్ కావాలా?

పానగల్లు రోడ్డు:
రెండు ఇళ్ళూ 200 గజాలుగానే ఉన్నాయి కాబట్టి విస్తీర్ణం మారలేదు. కానీ హద్దులు మారాయి. దస్తావేజు కాపీ, ప్లాను జత చేసి రెండు ఇళ్ళ తరఫునా మున్సిపాలిటీలో అర్జీ ఇచ్చాం, ఫైలులో చేర్చమని. రసీదు తీసుకున్నాం. పిన్ని వాళ్ళు ఇంటిని వారసుల పేర్ల మీదికి మార్చుకునే అర్జీ కూడా అదే రోజు పెట్టారు.

మూసీ గట్టు:
ఇప్పుడు కొత్త ఈసీ ఒకటి తీసి చూడండి. మార్పిడి రెండు ఇళ్ళ మీదా కనపడాలి. ఒకదాని మీదే ఎక్కితే వెంటనే ఆఫీసులో చెప్పండి, ఆలస్యమైతే మరిచిపోతారు.

పానగల్లు రోడ్డు:
తీశాను సార్. రెండింటి మీదా ఉంది.

పిల్లలమర్రి నీడ:
అన్నా, ఆ పెన్సిల్ బొమ్మ పారేయకండి.

పానగల్లు రోడ్డు:
పారేయలేదు తమ్మీ. డూప్లికేట్ దస్తావేజుతో కలిపి పిన్ని ఇనుప పెట్టెలోనే పెట్టింది. ఎల్లుండి వాళ్ళ పై అంతస్తు పని మొదలు, పొద్దున ఆరింటికి కొబ్బరికాయ కొడతారు. నాన్న ఇప్పటినుంచే టేపు వెతుకుతున్నాడు.